అంతరిక్షానికి ‘ఫిట్’ ఎవరు? కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల నుంచి ఒక ప్రశ్న

2025 జూలై 15 సాయంత్రం మేం కోరుట్లలో ఒక బీడీ కార్మికురాలి ఇంట్లో కూర్చుని ఉన్నాం. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఆమె కొడుకు పక్కనే ఫోన్‌లో వార్తలు చూస్తున్నాడు. కొన్ని గంటల ముందే శుభాంశు శుక్లా ప్రయాణించిన క్యాప్సూల్ కాలిఫోర్నియా తీరంలో సముద్రంలో దిగింది. క్యాప్సూల్ నుంచి బయటికి వస్తున్న శుక్లా నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. పక్కన ఉన్న సిబ్బంది ఆయన్ను పట్టుకుని నిలబెడుతున్నారు.

పిల్లవాడు ఫోన్ మా వైపు తిప్పాడు. “అన్నా, గాయిన గూడ ఇప్పుడు నాలెక్కనే గదా! పక్కపొంటి మనుషులు వట్టుకుంటె గని నిలవడ్తలేడు” అన్నాడు.

ఈ పిల్లవాడికి చిన్నప్పుడు జరిగిన ట్రాక్టర్ ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. ఒక క్యాంపులో కృత్రిమ కాలు ఇచ్చారు గానీ, వాడు ఎదిగాడు, ఆ కాలు ఎదగలేదు. ఇప్పుడు చంక కర్రలతో నడుస్తున్నాడు. పదో తరగతిలో లెక్కల్లో, సైన్సులో మంచి మార్కులు వచ్చాయి. ఎంపీసీ తీసుకోవాలనుకున్నాడు, సీఈసీలో చేరాడు. ఎందుకని అడిగితే తల్లి చెప్పింది: “ల్యాబు మీది అంతస్తుల ఉన్నదట సారూ. ‘రోజు మెట్లెక్కుడు కష్టమైతది బిడ్డా, సీఈసీ తీస్కో, సుకంగ ఉంటది’ అన్నరట.”

ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. జాలితోనే అన్నారు. కానీ ఆ ఒక్క మాటతో ఫిజిక్స్, ఇంజినీరింగ్, పరిశోధన అన్నీ ఆ పిల్లవాడికి ఒకేసారి మూసుకుపోయాయి. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో వైకల్యమున్న దళిత విద్యార్థుల చదువుల మీద పరిశోధన చేస్తున్న మాకు ఇలాంటి కథలు కొత్త కాదు. కొత్తగా అనిపించింది వాడు టీవీ దృశ్యంలో పట్టుకున్న పోలిక. వైకల్యమున్న మనుషులు అంతరిక్షంలోకి వెళ్లగలరా అనే ప్రశ్న మీద ప్రపంచంలో అరవై ఏళ్లుగా జరుగుతున్న పనికి మూలం ఆ పోలికే. ఆ పని ఏమిటో, దానికీ మన ఊళ్లకూ ఉన్న సంబంధం ఏమిటో ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తాం.

పైన అందరి కాళ్లూ ఒకటే

అంతరిక్ష కేంద్రంలో ఎవరూ నడవరు. చేతులతో పట్టీలు, కడ్డీలు పట్టుకుని తేలుతూ ఒక చోటి నుంచి మరో చోటికి పోతారు. కాళ్ల పని చాలావరకు నిలకడ కోసం పాదాన్ని ఒక పట్టీలో దూర్చడమే. ఒంటి బరువు మోయాల్సిన పని లేక కాళ్ల కండరాలు, ఎముకలు క్షీణిస్తాయి. బరువు మోసే ఎముకలు నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా సాంద్రత కోల్పోతాయి. దాన్ని అడ్డుకోవడానికే వ్యోమగాములు రోజుకు దాదాపు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. ఒంట్లోని ద్రవాలు తల వైపు చేరడంతో ముఖం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి. చాలా రోజులు ఉన్నవాళ్లలో కొందరికి చూపు కూడా మారుతుంది. తిరిగి నేల మీదికి వచ్చాక తల తిరుగుతుంది, అడుగు తడబడుతుంది. అందుకే ఎంత గట్టి పైలట్‌నైనా క్యాప్సూల్ నుంచి పట్టుకుని దించుతారు.

ఇదంతా విన్న పిల్లవాడు అడిగిన మొదటి ప్రశ్న: “అంటె గాడ మెట్లు ఉండయ్ గదన్నా?”

ఉండవు. మనిషి శరీరం భూమి మీద బతకడానికి తయారైంది. అంతరిక్షంలోకి వెళ్లిన ప్రతి శరీరమూ అక్కడికి పనికిరాని శరీరమే. గాలి, ఒత్తిడి, వేడి, నీరు, మరుగుదొడ్డి దాకా అన్నీ యంత్రాలతో అమర్చితేనే అక్కడ మనిషి బతుకుతాడు. ఇన్ని అమర్చగలిగినవాళ్లు ఒక కాలు లేని మనిషికి మరొకటి అమర్చలేరా? ఈ ప్రశ్న వేయడమే ఆలస్యమైంది.

ఎవరికి ఏ సైజు తయారుచేశారన్న దాన్ని బట్టి ‘ఫిట్’ ఎలా మారుతుందో చూడండి. 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి చేయాల్సిన తొలి స్పేస్‌వాక్‌ను నాసా మార్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరికీ మీడియం సైజు పైభాగం కావాలి. అంతరిక్ష కేంద్రంలో వెంటనే వాడటానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. చివరికి ఆ ఏడాది అక్టోబర్ 18న క్రిస్టినా కోక్, జెస్సికా మెయిర్ ఆ పని చేశారు. మధ్యలో మారింది ఆడవాళ్ల శరీరాలు కాదు, సిద్ధంగా ఉన్న సూట్ల సంఖ్య.

పదకొండు మంది బధిరులు

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు గేటు దాకా వెళ్తే చాలు, పక్కనున్న మనిషి మాట వినపడదు. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో పనిచేసినవాళ్లకు వినికిడి తగ్గిపోతుంది. మేం కలిసిన ఒక నేత కార్మికుడికి అలాగే తగ్గింది. ఆయన కూతురు పుట్టుకతోనే బధిరురాలు. డిగ్రీ చదువుతోంది. మేం ఫోన్‌లో టైప్ చేసుకుంటూ మాట్లాడుకున్నాం. ఆమెకు మేం చెప్పిన కథ ఇది.

1950ల చివర్లో మనిషిని పైకి పంపాలని అమెరికా సిద్ధమవుతోంది. భారరహిత స్థితిలో వాంతులు, తల తిరగడం పెద్ద సమస్య. మన లోపలి చెవిలో ఉండే తూకపు వ్యవస్థ గందరగోళపడటం వల్ల అది వస్తుంది. అందుకని నౌకాదళ వైద్య పరిశోధకులు, నాసా కలిసి వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల గాలొడెట్ నుంచి 11 మంది పురుషులను పరిశోధనకు ఎంచుకున్నారు. వాళ్ల వయసు 25 నుంచి 48 ఏళ్లు. వారిలో పది మందికి చిన్నప్పుడు మెదడువాపు లాంటి మెనింజైటిస్ జ్వరం వచ్చి వినికిడితో పాటు ఆ తూకపు వ్యవస్థ కూడా దెబ్బతింది. దాంతో వాళ్లకు కడుపులో తిప్పడం అనేదే తెలియదు.

పదేళ్లకు పైగా వాళ్ల మీద పరీక్షలు జరిగాయి. గిరగిరా తిరిగే యంత్రాల్లో కూర్చోబెట్టారు. నలుగురిని పన్నెండు రోజులు నెమ్మదిగా తిరుగుతూ ఉండే గదిలో ఉంచారు. విమానాల్లో భారరహిత స్థితికి తీసుకెళ్లారు. కెనడా తీరంలో అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో ఓడ ఎక్కించారు. అక్కడ ఈ పదకొండు మంది హాయిగా పేకాడుకుంటుంటే, పరీక్షించాల్సిన పరిశోధకులే వాంతులతో పడిపోయారు. ప్రయోగం మధ్యలోనే ఆపాల్సి వచ్చింది.

ఇది చదివి ఆ అమ్మాయి పెద్దగా నవ్వింది. తర్వాత టైప్ చేసింది: “మరి వాళ్లను పైకి పంపారా?”

పంపలేదు. ఒక్కరిని కూడా. అంతరిక్షంలో అందరినీ ఇబ్బంది పెట్టే ఒక విషయంలో మిగతావారికంటే మెరుగ్గా నిలబడిన మనుషులు వాళ్లు. వాళ్ల శరీరాల నుంచి జ్ఞానం తీసుకున్నారు, సీటు మాత్రం ఇవ్వలేదు. ఈ వెబ్‌సైట్ పాఠకులకు ఈ తీరు ఎక్కడిదో విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పు కుట్టిన మనిషిని చెప్పులతో వీధిలో నడవనివ్వని సమాజం మనది.

యూరప్ తెరిచిన తలుపు

2021లో యూరప్ అంతరిక్ష సంస్థ కొత్త వ్యోమగాముల కోసం ప్రకటన ఇచ్చినప్పుడు మొదటిసారి శారీరక వైకల్యమున్నవారి నుంచి కూడా దరఖాస్తులు కోరింది. పాదం లేదా కాలి భాగం లోపించినవారు, రెండు కాళ్ల పొడవులో తేడా ఉన్నవారు, 130 సెంటీమీటర్ల లోపు ఎత్తున్నవారు అర్హులని చెప్పింది. కోరుట్ల పిల్లవాడి కాలు ఈ జాబితాలో పడుతుంది. సిరిసిల్ల అమ్మాయి చెవులు పడవు. చూపు లేనివారికీ, వీల్‌చెయిర్ వాడేవారికీ చోటు ఇవ్వలేదు. అంటే తెరిచింది సగం తలుపే. మొత్తం 22,500కు పైగా దరఖాస్తులు వస్తే, ఈ విభాగంలో వచ్చినవి 257.

2022 నవంబర్ 23న జాన్ మెక్‌ఫాల్ పేరు ప్రకటించారు. ఆయన బ్రిటన్‌కు చెందిన ఆర్థోపెడిక్ సర్జన్. 19 ఏళ్ల వయసులో థాయ్‌లాండ్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కుడి కాలు పోయింది. కృత్రిమ కాలితో పరుగు నేర్చుకుని 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగులో కాంస్యం గెలిచాడు, తర్వాత వైద్యం చదివాడు. ఆయనతో కలిసి సంస్థ ఒక అధ్యయనం చేసింది. ఆయన ఆరు నెలల యాత్రకు వెళ్లాలంటే ఏమేం మార్చాలన్నదే అందులో ప్రశ్న. ఆపేసేంత పెద్ద సాంకేతిక అడ్డంకి ఏదీ లేదని తేలింది. 2025 ఫిబ్రవరిలో అంతరిక్ష కేంద్రంలో దీర్ఘకాలం ఉండే యాత్రకు వైద్యపరంగా అర్హుడని ధ్రువీకరించారు. ఈ వ్యాసం రాసే నాటికి ఆయన ఇంకా పైకి వెళ్లలేదు.

ఇంతకు ముందే వేరే దారుల్లో కొందరు వెళ్లారు. చిన్నప్పుడు ఎముక క్యాన్సర్‌ను జయించి, కాలి ఎముకలో కృత్రిమ భాగం పెట్టించుకున్న హేలీ ఆర్సెనో 2021 సెప్టెంబర్‌లో ‘ఇన్‌స్పిరేషన్4’ యాత్రలో మూడు రోజులు భూమి చుట్టూ తిరిగింది. అదే ఏడాది అక్టోబర్ 17న ఆస్ట్రోయాక్సెస్ అనే బృందం వైకల్యమున్న 12 మందిని భారరహిత స్థితి కల్పించే విమానంలో తీసుకెళ్లింది. తేలుతూ ఉన్నప్పుడు సైగ భాష ఎలా పనిచేస్తుంది, చూపు లేనివారు తాకి గుర్తుపట్టే గుర్తులు ఎక్కడ పెట్టాలి, కాళ్లు కదలనివారు తిరిగి సీటులోకి ఎలా చేరాలి వంటివి పరీక్షించారు. 2025 డిసెంబర్ 20న జర్మనీకి చెందిన ఇంజినీర్ మికేలా బెంట్‌హౌస్ బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో వంద కిలోమీటర్ల గీత దాటి వచ్చింది. 2018లో సైకిల్ ప్రమాదంలో వెన్నుపూసకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఆమె వీల్‌చెయిర్ వాడుతోంది. వీల్‌చెయిర్ వాడే మనిషి అంతరిక్షంలోకి వెళ్లడం అదే మొదటిసారి. క్యాప్సూల్ తలుపు నుంచి సీటు దాకా జరగడానికి ఒక బల్ల అమర్చారు. రాకెట్ టవర్‌కు ముందు నుంచే లిఫ్ట్ ఉంది.

బల్ల, లిఫ్ట్. కోరుట్లలో ఆ పిల్లవాడికి కావాల్సింది కూడా దాదాపు ఇంతే.

మార్చాల్సినవి ఏమిటి?

ఇదంతా తేలికని మేం అనడం లేదు. నిజమైన చిక్కులు ఉన్నాయి. భారరహిత స్థితిలో ద్రవాలు పైకి చేరడంతో కాలి మొండెం సన్నబడుతుంది. నేల మీద సరిగ్గా సరిపోయిన కృత్రిమ కాలు అక్కడ వదులవుతుంది. ఆ కాలిలో బ్యాటరీ ఉంటే నిప్పు అంటుకునే ప్రమాదాన్ని చూడాలి. దాని ప్లాస్టిక్ నుంచి వచ్చే వాయువులు మూసి ఉన్న గదిలో విషం కాకూడదు. ట్రెడ్‌మిల్ మీద ఒంటిని పట్టీలతో కిందికి లాగి పరుగెత్తిస్తారు, ఆ బరువు కృత్రిమ కాలి మీద ఎలా పడుతుందో లెక్కించాలి. దిగేటప్పుడు ప్రమాదం జరిగితే ఎవరి సాయం లేకుండా బయటపడగలగాలి. ఇవన్నీ ఇంజినీరింగ్ ప్రశ్నలు. కొలతలతో, ప్రయోగాలతో జవాబు చెప్పగలిగినవి. మనిషి తలరాతకు సంబంధించినవి కావు.

పైగా ఈ మార్పులు అందరికీ పనికొస్తాయి. 1997 ఫిబ్రవరిలో రష్యా అంతరిక్ష కేంద్రం మిర్‌లో మంటలు అంటుకుంటే దట్టమైన పొగలో ఏమీ కనబడని పరిస్థితి వచ్చింది. 2013 జూలైలో ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో స్పేస్‌వాక్‌లో ఉండగా హెల్మెట్‌లోకి లీటరుకు పైగా నీరు చేరింది. ముక్కు, కళ్లు, చెవులు మునిగాయి. చూపు లేక, మాట వినబడక, తన తాడును తడుముకుంటూ తలుపు దాకా చేరి బతికాడు. ఆ కొద్ది నిమిషాలు ఆయన అంధుడు, బధిరుడు. చూడకుండా దారి తెలుసుకోవడం జీవితమంతా చేసినవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. చేత్తో తాకి గుర్తుపట్టే గుర్తులు గోడల మీద ఉంటే, పొగ నిండినప్పుడు అవి చూపున్నవాళ్ల ప్రాణాన్నీ కాపాడతాయి.

విజయవాడ మనిషి పక్క సీటులో

మన తెలుగువాళ్ల అంతరిక్ష కథల్లో కూడా ఈ ‘ఫిట్’ ప్రశ్న దాగి ఉంది. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష చిన్నప్పుడు వ్యోమగామి కావాలనుకుంది. కంటిచూపు సరిగా లేకపోవడంతో పైలట్ దారి, నాసా దారి మూసుకుపోయాయి. ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివి, 2021 జూలై 11న వర్జిన్ గలాక్టిక్ విమానంలో పైకి వెళ్లింది. కంటికి లేజర్ శస్త్రచికిత్స చేయించుకున్నవారిని తీసుకోకూడదన్న నిబంధనను నాసా 2007లో సడలించింది. నిన్నటి ‘అన్‌ఫిట్’ కళ్లు ఇవాళ ‘ఫిట్’ అయ్యాయి.

2024 మే 19న విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో వెళ్లినప్పుడు మన పత్రికలన్నీ పెద్ద అక్షరాలతో రాశాయి. అదే క్యాప్సూల్‌లో ఉన్న మరో మనిషి గురించి తక్కువగా రాశాయి. ఆయన పేరు ఎడ్ డ్వైట్. అప్పుడు ఆయన వయసు 90. అమెరికా వైమానిక దళంలో నల్లజాతి పైలట్. 1960ల తొలి రోజుల్లో తొలి నల్లజాతి వ్యోమగామి అవుతాడని దేశమంతా పేరు మోగింది. శిక్షణలో వివక్ష ఎదుర్కొన్నాడు. 1963లో నాసా ఎంపిక చేసిన వ్యోమగాముల్లో ఆయన పేరు లేదు. తొలి నల్లజాతి అమెరికన్ గయాన్ బ్లూఫోర్డ్ అంతరిక్షానికి వెళ్లడానికి 1983 దాకా పట్టింది. డ్వైట్ తర్వాత శిల్పి అయ్యాడు. అరవై ఏళ్ల తర్వాత పైకి వెళ్లి వచ్చాడు. ముప్పై ఏళ్ల వయసులో పనికిరాడనుకున్న శరీరం తొంభై ఏళ్లకు కూడా ఆ ప్రయాణాన్ని తట్టుకుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పుకోవాలి. ఇవి ప్రైవేటు కంపెనీల ప్రయాణాలు. టికెట్టు కొనగలిగినవారికో, దాతలు దొరికినవారికో తెరుచుకునే తలుపును హక్కు అనలేం. హక్కు అంటే ప్రజల డబ్బుతో నడిచే సంస్థలో నిబంధనగా ఉండాలి.

మన దేశంలో ఎంపిక ఎలా జరుగుతోంది?

1984లో వెళ్లిన రాకేశ్ శర్మ వైమానిక దళ పైలట్. గగన్‌యాన్ కోసం ఎంపికై 2024 ఫిబ్రవరి 27న పేర్లు ప్రకటించిన నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లే. వాళ్ల సామర్థ్యం మీద మాకు ఏ సందేహమూ లేదు. కొత్త వాహనాన్ని మొదటిసారి నడిపేటప్పుడు టెస్ట్ పైలట్లను తీసుకోవడంలో అర్థం ఉంది. కానీ వ్యోమగామి అంటే యుద్ధ విమాన పైలటే అన్నది స్థిరపడిపోతే, వైకల్యమున్నవారు మొదటి వడపోతకు ముందే బయట ఉంటారు. మహిళల్లో, దళిత ఆదివాసీల్లో ఆ స్థాయికి చేరినవారు ఎందరో వేరే చెప్పక్కర్లేదు. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం నిర్మిస్తామని ప్రభుత్వం చెబుతోంది. అక్కడికి శాస్త్రవేత్తలు, వైద్యులు, ఇంజినీర్లు వెళ్లాలి. గగన్‌యాన్ కార్యక్రమానికి ఆమోదించిన మొత్తం 20,193 కోట్ల రూపాయలు. అది ప్రజల డబ్బు కాబట్టి ఎంపిక కొలమానాల మీద అడిగే హక్కు ప్రజలకు ఉంది.

అంతరిక్ష కార్యక్రమానికీ అట్టడుగు ప్రజలకూ మధ్య లెక్క ఇప్పటికే బాకీ ఉంది. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు రాకెట్ కేంద్రం కోసం తమ చోటు వదులుకున్నారు. 1975 జూన్‌లో కేంద్రం ఇచ్చిన ఒక ఉత్తర్వు గ్రూప్-ఎ తొలి మెట్టుకు పైనున్న శాస్త్ర, సాంకేతిక పరిశోధన పోస్టులను ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ల నుంచి మినహాయించడానికి దారి ఇచ్చింది. అక్కడ వాడే మాట ‘మెరిట్’. ఇక్కడ వాడే మాట ‘ఫిట్’. రెండూ ఎవరో కూర్చుని గీసిన గీతలే. గీసినవాళ్లు తమ సొంత శరీరాన్ని, తమ సొంత చదువును కొలతగా పెట్టుకుని గీసినవి.

కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలని కోరుకున్న రోహిత్ వేములను 2016లో పోగొట్టుకున్న తరం మాది. నక్షత్రాల గురించి కలగనే దళిత విద్యార్థికి ఎదురయ్యేది గురుత్వాకర్షణ ఒక్కటే కాదని మాకు తెలుసు.

“పింఛను అడిగే కాడ చందమామ ముచ్చటా?”

జగిత్యాలలో ఒక సీనియర్ వికలాంగుల హక్కుల కార్యకర్తతో ఇదంతా చెబితే ఆయన గట్టిగానే అడ్డు తగిలాడు. “తమ్ముడూ, పింఛను కోసం ధర్నాలు చేసుడే అయితలేదు. సదరం క్యాంపుకు పోతె పొద్దుగూకుతది. నువ్వేమో చందమామ ముచ్చట చెప్తున్నవ్” అన్నాడు.

న్యాయమైన కోపం. 2011 జనగణన ప్రకారం దేశంలో వైకల్యమున్నవారు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. ఎస్సీల్లో అది 2.45 శాతం. కష్టమైన పని, తక్కువ తిండి, దూరాన ఉన్న ఆస్పత్రి, ఈ మూడూ కులంతో ముడిపడినవే. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన సంగతి జగిత్యాల మరిచిపోలేదు. గల్ఫ్‌లో పనిచేస్తూ దెబ్బలు తగిలి తిరిగొచ్చినవాళ్లు ఈ ఊళ్లలో ఉన్నారు. ప్రమాదంలో కాలు పోయాక మెక్‌ఫాల్‌కు దొరికినవి మంచి శస్త్రచికిత్స, సరిపోయే కాలు, పరుగుకు మైదానం, చదువుకు చోటు. ఇక్కడ దొరికేది పింఛను. అది కూడా అడగ్గా అడగ్గా.

కానీ ఆ పింఛనే మాకు ఒక పాఠం. తెలంగాణలో అది 2014లో 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఊరికే పెరగలేదు. మంద కృష్ణ మాదిగ స్థాపించిన వికలాంగుల హక్కుల పోరాట సమితి వంటి సంఘాలు రోడ్డెక్కితే పెరిగింది. దళిత ఉద్యమం, వికలాంగుల ఉద్యమం ఈ నేల మీద ముందు నుంచే చేతులు కలిపి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ చేతులు బతకడానికి కావాల్సింది అడిగాయి. చదవడానికి, పరిశోధించడానికి కావాల్సింది కూడా అవే చేతులు అడగాలని మా మాట.

అడిగితే ఏమవుతుందో మన దగ్గర ఉదాహరణ ఉంది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. అంతకు ముందు ఏడాదే ఒక కాలు కోల్పోయిన అరుణిమా సిన్హా అదే శిఖరం ఎక్కింది. ముగ్గురికీ అందింది శిక్షణ, పరికరాలు, నమ్మకం. ఆ కార్యకర్త కాసేపు ఆలోచించి, “అయితె ముందుగాల ల్యాబు కిందికి దించుదాం పా” అన్నాడు.

చట్టం ఏమంటోంది, మనం ఏం అడగాలి

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాన్ని, సౌకర్యాలను అందుబాటులో ఉంచాలి, విద్యార్థికి అవసరమైన మార్పులు చేసివ్వాలి. ప్రైవేటు జూనియర్ కాలేజీలకు కూడా గుర్తింపు ఉంటుంది కాబట్టి అవీ ఇందులోకి వస్తాయి. ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నింటినీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోపు అందుబాటులోకి తేవాలని 45వ సెక్షన్ చెబుతోంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022 జూన్‌తో ముగిసింది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అవసరమైన మార్పులు చేసివ్వడం దయ కాదు, సమానత్వ హక్కులో భాగమని స్పష్టం చేసింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా కాక తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక తయారైంది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలో. ‘అందరికీ సరిపడే సైజులు వెతకడం’ అన్నది దాని పేరుకు తెలుగు. మీడియం సైజు సూటు కథ గుర్తుచేసుకోండి.

ఈ ఆధారాలతో విద్యార్థి సంఘాలు, కార్యకర్తలు చేయగలిగిన పనులు ఉన్నాయి. ఒకటి, రెండు జిల్లాల్లోని ప్రతి జూనియర్ కాలేజీలో సైన్స్ ల్యాబ్ ఏ అంతస్తులో ఉంది, ర్యాంపు, లిఫ్టు, అందుబాటులో ఉండే మరుగుదొడ్డి ఉన్నాయా అని సమాచార హక్కు కింద అడగడం. రెండు, వైకల్యమున్న ఎంతమంది సైన్స్ గ్రూపుల్లో ఉన్నారో, ఎంతమంది ఆర్ట్స్ గ్రూపుల్లో ఉన్నారో లెక్క తీయడం. ఎవరూ ఆపలేదని చెప్పే చోట ఈ లెక్కే సాక్ష్యం. మూడు, బధిర విద్యార్థులకు తరగతిలో, ప్రాక్టికల్స్‌లో సైగ భాష సహాయం కోరడం. నాలుగు, ఎదిగే పిల్లలకు కృత్రిమ అవయవాలు ఒక్కసారి ఇచ్చి వదిలేయకుండా కొలత మారినప్పుడల్లా మార్చివ్వాలని డిమాండ్ చేయడం. ఐదు, సిరిసిల్ల మగ్గాల షెడ్లలో వినికిడి పరీక్షలు, చెవి రక్షణ. చప్పుడు వల్ల వచ్చే చెవుడు మన కార్మిక చట్టాల వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది.

దేశ స్థాయిలో అడగాల్సింది కూడా ఉంది. యూరప్ చేసినట్టు, వైకల్యమున్న వ్యోమగామిని పంపడానికి ఏమేం మార్చాలో భారత అంతరిక్ష కార్యక్రమం అధ్యయనం చేయాలి. రాబోయే అంతరిక్ష కేంద్రాన్ని కాగితం మీద గీస్తున్న ఈ రోజుల్లోనే అది జరగాలి. కట్టాక మార్చడం ఎంత కష్టమో రెండో అంతస్తు ల్యాబ్‌ను చూస్తే తెలుస్తుంది. ఆ అధ్యయనంలో వైకల్యమున్నవాళ్లు పరీక్షించబడే శరీరాలుగా మాత్రమే కాదు, గీతలు గీసే ఇంజినీర్లుగా కూర్చోవాలి. గాలొడెట్ పదకొండు మందికి జరిగింది మళ్లీ జరగకూడదు.

కోరుట్ల పిల్లవాడి తరఫున ఒక అర్జీ రాశాం. గ్రూపు మార్చాలని, వారానికి కొన్ని గంటలైనా ప్రాక్టికల్స్ కింది గదిలో పెట్టాలని, 16వ సెక్షన్‌ను చూపిస్తూ. తల్లి సంతకం చేసింది. ఒక కాపీ రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు కూడా పంపాం. ఈ వ్యాసం రాసే నాటికి జవాబు రాలేదు. పిల్లవాడు సీఈసీ తరగతులకు పోతూనే, పక్కింటి ఎంపీసీ విద్యార్థి దగ్గర ఫిజిక్స్ పుస్తకం తెచ్చుకుని రాత్రిళ్లు చదువుతున్నాడు. మొన్న కలిసినప్పుడు గురుత్వాకర్షణ అధ్యాయం అయిపోయిందని చెప్పాడు. జవాబు రాకపోతే వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యే లోపు మళ్లీ అర్జీ పెడతాం. ఈసారి ఆ కాలేజీ విద్యార్థి సంఘాల సంతకాలతో.